ఆయన పోయిన చోటు

మా సంఘంలో సభ్యులం ముగ్గురమే. అధ్యక్షుడు అరకులోయ సంత వీధిలో కిరాణా కొట్టు నడిపే వర్తకుడు; విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఉపాధ్యక్షురాలు ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. కొండ మీది ఊళ్లో పుట్టి, పక్క ఊరి చర్చిలో పెళ్లి చేసుకున్న మనిషి. కార్యదర్శిని నేను. గణాంక శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి, చివరి ఉద్యోగం ఇక్కడే కావడం వల్ల, ఇంకెక్కడికైనా వెళ్లడానికి తగిన కారణం కనబడకపోవడం వల్ల, ఇక్కడే ఉండిపోయాను. సాధారణ సభ్యులెవరూ లేనందువల్ల సంఘంలో ఎన్నడూ వర్గ విభేదాలు రాలేదు.

సంఘానికి కారణమైన విషయం నాకు 1996 వేసవిలో తెలిసింది. పిల్లలకు టీకాలు వేయడానికి నర్సు తన పుట్టిన ఊరికి వెళుతుంటే, ఆ ఊరి జననాల లెక్కలో పూర్వం నాకు మిగిలిపోయిన సందేహం ఒకటి తీర్చుకుందామని నేనూ వెంట నడిచాను. ఘాటీ మలుపు ఒకదాని దగ్గర ఆమె చెప్పులు విప్పి చేత పట్టుకొని, పది అడుగులు వేసి, మళ్లీ తొడుక్కుంది. కారణం అడిగాను.

“ఇక్కడే కూర్చున్నాడంట సార్, మా ఊరాయన.”

తెల్లదొరల కాలంలో ఆ రోడ్డు వేస్తున్నప్పుడు ఇంటికొక మనిషి వెట్టికి పోవాలి. దొర మకాం మార్చిన ప్రతిసారీ డేరాలు, మంచాలు, పింగాణీ సామాను కొండవాళ్ల భుజాల మీదనే ఘాటీ ఎక్కేవి. ఒకనాడు ఆ మలుపులో ఈయన తన కావడి దించి, అందులోని సామాను లోయలోకి దొర్లించాడు. వెనుక వస్తున్నవాళ్లు చూసి, వాళ్లూ దొర్లించారు. అందరినీ అడవి దారిన ఇళ్లకు పొమ్మని చెప్పి, తాను మాత్రం రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. ఎవరో ఒకరు చేతికి చిక్కకపోతే పోలీసులు ఊళ్ల మీద పడతారని ఆయన లెక్క. లెక్క సరిపోయింది. ఆయనను పట్టుకొని కొండ దింపారు. ఊళ్ల మీదికి ఎవరూ రాలేదు. ఆయనా తిరిగి రాలేదు.

“ఇది ఎప్పుడు జరిగింది?” అని అడిగాను.

“దొరల కాలంలో సార్.”

“దొరల కాలం చాలా పెద్దదమ్మా.”

“అందులో ఒక రోజు సార్,” అంది నర్సు.

ఈ సంగతి కొట్లో చెప్పినప్పుడు వర్తకుడు తూకం వేస్తున్న పప్పు సగంలో ఆపేశాడు. “మన దగ్గర ఇంత ఈరుడుంటే మనం నోరు మూసుకుని కూకోడమేటండీ! ఊరంతా తెలియాల. బోర్డెట్టాల. ఏడాదికో రోజు పండగ సెయ్యాల,” అన్నాడు. ఆ సాయంత్రమే సంఘం ఏర్పడింది. పప్పు కొనడానికి వచ్చిన మనిషి కూడా చప్పట్లు కొట్టాడు గాని, సభ్యుడిగా చేరలేదు.

మా మొదటి కార్యక్రమం శుక్రవారం సంతలో జరిగింది. వర్తకుడు పెయింటరు చేత వీరుని చిత్రం వేయించి, కొట్టు ముందు నిలబెట్టాడు. ఆయనను చూసినవారెవరూ లేరు కనుక పెయింటరు తనకు తోచినట్టు వేశాడు. మెలితిప్పిన మీసం, నడుముకు కత్తి, పసుపు తలపాగా. డప్పు కొట్టించి, కరపత్రాలు పంచాం. కొండ మీద నుంచి అల్లం, పసుపు, అడ్డాకులు తెచ్చినవాళ్లు చిత్రం ముందు ఆగి చూశారు. ఒకాయన “ఈ బాబు కొత్తగా వచ్చిన పోలీసా?” అని అడిగి, సమాధానం వినకుండానే గంప సర్దుకొని వెళ్లిపోయాడు. మరుసటి శుక్రవారం ఉల్లిపాయలు కట్టిన పొట్లం మీద వీరుని జీవితం మొదటి పేరా చదివాను. అక్షర దోషం ఒకటి దొర్లింది.

ఆ చిత్రం ముందు ఎక్కువసేపు నిలబడిన మనిషి ఒక్క ముసలామె. పసుపు కొమ్ముల గంప దించకుండానే చూసింది.

“మా తాతకి మీసం లేదు,” అంది.

నర్సు ఆమెను వెంటనే గుర్తుపట్టి మాకు చెప్పింది. ఆమె ఆ వీరుని కొడుకు కూతురు. ఆ వంశంలో మిగిలింది ఆమె ఒక్కతే.

“నువ్వు చూశావా అవ్వా మీ తాతను?” అని వర్తకుడు అడిగాడు.

“నానెక్కడ సూస్తాను? మా నాయనమ్మ సెప్పింది. మీసం రాక మునుపే పెళ్లయింది, పెళ్లయినాకా రాలేదు అని నవ్వేది.”

పెయింటరు ఆ మధ్యాహ్నమే మీసం మీద చర్మం రంగు వేశాడు. రెండు రంగులు కలవక, పై పెదవి వాచినట్టు కనబడింది.

తరువాతి వారం మేము ముగ్గురం ఆమె ఇంటికి వెళ్లాం. నేను నోటు పుస్తకం తీసుకువెళ్లాను. ఊరి పొలిమేరలో బారులు తీరి నిలబెట్టిన రాళ్లు ఉన్నాయి; నడుం ఎత్తువి కొన్ని, మోకాలి ఎత్తువి ఎక్కువ. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క రాయి. పొరుగూరిలో చనిపోయినవాడికైతే, అతని రక్తంలో పుట్టినవారు ఎవరైనా అతను పోయిన చోటికి వెళ్లి, అక్కడి రాయిని తమ చేత్తో ఎత్తి ఇంటికి తేవాలి. తెచ్చేటప్పుడు దారి పొడవునా ఆ రాయికి దారి చెబుతూ రావాలి. లేకపోతే మనిషి ఎక్కడో ఒక మలుపులో ఆగిపోతాడు. అలా తెచ్చిన రాయి నిలబెట్టాక, ఏటేటా కొత్త పంట పండగకు పెద్దలకు ఆకు వేసి అన్నం పెట్టినప్పుడు అతని పేరు పిలుస్తారు. రాయి లేనివాడికి ఆకు లేదు.

“అందరికీ ఆకు ఏస్తాను. మా తాతకి ఏయను,” అంది అవ్వ. “ఎక్కడ పోనాడో తెలీదు కదా. మా నాన్న ఎతికాడు. దొరకలేదు. నానూ పోతే మరి పిలిసేవోలు లేరు. బాబూ, నువ్వు చదువుకున్నావు. మా తాత పోయిన సోటు తెలిస్తే నాకు సెప్పు. నా కాళ్లు బాగున్నప్పుడే సెప్పు.”

నేను నోటు పుస్తకంలో ‘ఆచారములు’ అనే శీర్షిక కింద ఇదంతా వ్రాసుకున్నాను.

ఆ సంవత్సరం చలికాలంలో జిల్లా పాత రికార్డుల గదిలో తొమ్మిది పనిదినాలు కూర్చున్నాను. తొమ్మిదవ రోజున, కొండ కింది పట్నంలో ఒకప్పుడు ఉన్న తాలూకా లాకప్పు రిజిస్టరులో ఒక వరుస కనబడింది. పేరు ఉంది. ఊరు ఉంది. నేరం: సర్కారు సామాను ధ్వంసం. చివరి గడిలో ‘లాకప్పులోనే మరణించెను’ అని ఉంది. తారీఖు ఉండవలసిన గడిని చెదలు తిన్నాయి. పై వరుసల తారీఖులు, కింది వరుసల తారీఖులు కూడా తిన్నాయి. చెదపురుగులు నిలువుగా తింటాయని అప్పుడు గమనించాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ కొండల్లో మగపిల్లవాడు ఏ వారం పుడితే చాలామందికి ఆ వారం పేరే పెట్టేవారు. ఏడు రోజులకు ఏడు పేర్లు; ఊళ్లో మగవాళ్లు అంతకు చాలా రెట్లు. నర్సు సహాయంతో నేను తయారుచేసిన వంశావళి ప్రకారం ఆ కాలంలో ఆ ఊళ్లో ఆ పేరుగలవారు ముగ్గురు ఉన్నారు. రిజిస్టరులో తండ్రి పేరు గడిలో ‘తెలియదు’ అని వ్రాసి ఉంది. కనుక లాకప్పులో మరణించినది ముగ్గురిలో ఎవరో నిర్ధారించాలంటే తారీఖు కావాలి. తారీఖు దొరికేవరకు ఆ సమాచారం అసంపూర్ణం. మా శాఖలో ఒక నియమం ఉండేది: తాత్కాలిక అంకెలను తుది అంకెలయ్యేదాకా బయటపెట్టరాదు. ఆ నియమాన్ని నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పాటించాను. ఆ కాగితాన్ని కూడా అలాగే ఫైలులో పెట్టి, పైన ‘విచారణలో ఉన్నది’ అని వ్రాశాను. సంఘానికి చెప్పలేదు. అవ్వకు చెప్పలేదు.

ఆమె ప్రతి శుక్రవారం సంతకు వచ్చేది. గంప దించి, కొట్టు అరుగు మీద కూర్చొని, నా వైపు చూసి అడిగేది.

“సోటు తెలిసిందా బాబూ?”

“విచారణలో ఉంది,” అనేవాణ్ణి.

అది అబద్ధం కాదు. నేను ఇతర కార్యాలయాలకు ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నాను. వచ్చిన జవాబులన్నింటిలోనూ, కోరిన రికార్డు తమ వద్ద లేదని ఉండేది. జవాబు వచ్చిన తారీఖు మాత్రం ప్రతి ఉత్తరం మీదా స్పష్టంగా ఉండేది. ఇలా రెండు కొత్త పంటలు గడిచాయి. రెండవ ఏడాది వానల తరువాత అవ్వ సంతకు రావడం తగ్గింది. తరువాత మానేసింది. ఆమె పసుపు కొమ్ములను పొరుగింటి వాళ్లు తెచ్చి అమ్ముతూ, “అవ్వ అడగమంది” అని నన్ను అడిగేవారు. నేను అదే జవాబు పంపేవాణ్ణి.

1999లో వర్తకుడు కొత్త కరపత్రం అచ్చు వేయిస్తానని ఫైలు అడిగాడు. ఇచ్చాను. అతను కళ్లజోడు మరిచిపోయినందువల్ల దాన్ని నర్సు బిగ్గరగా చదవసాగింది. ఆ కాగితం దగ్గర ఆమె గొంతు ఆగింది.

“ఏటి సార్ ఇది?”

“లాకప్పు రిజిస్టరు నకలు.”

“ఎప్పుడు రాసుకున్నారు?”

రోజు, నెల, సంవత్సరం చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది.

“అవ్వ ప్రతి శుక్రవారం మిమ్మల్ని అడిగింది కదా సార్. చోటు తెలిసిందా అని. చోటే అడిగింది. తారీఖు అడగలేదు.”

“మనిషి ఆయనేనని రుజువు కాలేదమ్మా. ఆ పేరుతో ముగ్గురున్నారు.”

“ఆఫీసరుగారూ,” అన్నాడు వర్తకుడు, “మీరు దాసింది మనిషినండీ. నెయ్యి డబ్బా కాదు. నెయ్యయినా ఇన్నాళ్లు దాసితే కంపు కొడతాది.”

“రెండేళ్ల కింద అవ్వ సంతకి నడిచొచ్చేది,” అంది నర్సు. “ఇప్పుడు గడప దాటాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. రాయి ఆవిడ చేత్తోనే ఎత్తాలి, ఇంకెవరూ ఎత్తడానికి లేరు. అదీ మీ పుస్తకంలో రాసుకోండి సార్.”

ఆ మాటను ఆనాటి సమావేశపు మినిట్సులో యథాతథంగా వ్రాశాను. ముగ్గురం సంతకాలు చేశాం. నర్సు సంతకం కాగితాన్ని చింపింది.

మరునాడు ఉదయం అవ్వ ఇంటికి వెళ్లాం. ఆమె గుమ్మంలో చాప మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. నేను నిలబడి, రిజిస్టరులో ఏముందో చెప్పాను. కాగితం నా వద్ద ఎంతకాలం నుంచి ఉందో కూడా చెప్పాను. తరువాత ముగ్గురి సమస్య వివరించాను. ఆమె చివరి వరకు విన్నది.

“ముగ్గురూ నాకు తెలుసు,” అంది. “ఒకడు జీలుగు సెట్టెక్కి కల్లు దించతా పడ్డాడు. ఆడి రాయి అదిగో, మూడోది. ఇంకొకడు జొరం వచ్చి మా పెద్దమ్మ ఇంట్లోనే పోనాడు. ఆడి రాయి ఆ సివర, పొట్టిది. ముగ్గుర్లో ఇద్దరిక్కడే ఉన్నారు. మరి అక్కడున్నది ఎవులు?”

మూడింటిలో నుంచి రెండు తీసివేస్తే ఒకటి మిగులుతుంది. దీనికి తారీఖు అవసరం లేదు. ఆ రాళ్ల మధ్య నుంచి నేను కనీసం ఇరవైసార్లు నడిచి ఉంటాను. ఏ రాయి ఎవరిదని ఆమెను ఒక్కసారైనా అడగలేదు. నోటిమాట రికార్డు కాదని నా అభిప్రాయం.

“ముందే అడిగుంటే ముందే సెబుదును కదా బాబూ,” అంది అవ్వ. కోపంగా అనలేదు. తరువాత నర్సు వైపు తిరిగి, “డోలీ కట్టమను. బేగి ఎల్దాం,” అంది.

ఊరివాళ్లు పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, ఆమెను అందులో కూర్చోబెట్టి, రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడ నుంచి జీపు, ఆ తరువాత రైలు. కొండ కింది పట్నంలో పాత లాకప్పు ఇప్పుడు ధాన్యం గోదాము. కాపలాదారు మా రాకకు కారణం విని, మా ముగ్గురినీ వరుసగా చూసి, వయసులో పెద్దవాణ్ణని కాబోలు నన్ను ఎంచుకున్నాడు.

“రాయా?”

“అవును.”

“ఏటి సేసుకుంటారు?”

“ఇంటికి తీసుకెళతాం.”

“ఎల్లండి ఎల్లండి. రెండు కావాలన్నా పట్టుకెల్లండి,” అన్నాడు.

అవ్వ గోడ పట్టుకొని, నర్సు భుజం పట్టుకొని, గోదాము చుట్టూ వెళ్లింది. నలభై నిమిషాలు పట్టింది. చక్కగా చెక్కిన రాయి ఒకటి నేను చూపించాను. చేత్తో తడిమి, “ఇది కొత్తది. మా తాత దీన్ని ఎరగడు,” అంది. చివరకు వెనుకవైపు పునాది నుంచి ఊడిపడిన నల్లరాయి దగ్గర ఆగింది. కొబ్బరికాయ కంటే కొంచెం పెద్దది. వంగడం ఆమె వల్ల కాలేదు. మేము పట్టుకోబోతే వద్దంది. గోడ వెంబడి జారుతూ నేల మీద కూర్చొని, రెండు చేతులా రాయిని ఒళ్లోకి లాక్కుంది. ఆపైన మేము ఆమెను రాయితో సహా లేపాం. లేపడానికి నలుగురం కావలసి వచ్చింది. నాలుగవవాడు కాపలాదారు, అప్పటికి అతను తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

రైలు కదలగానే ఆమె మొదలుపెట్టింది. తమ భాషలో కొంతా, తెలుగులో కొంతా. “ఇది రైలు తాతా. బయపడకు. నడవక్కర్లేదు. మొయ్యక్కర్లేదు. ఇదే మోస్తాది.”

శివలింగపురం దాటేసరికి ఆమె గొంతు పోయింది. రాయిని నా ఒళ్లో పెట్టింది.

“ఎత్తడమే రకతం సెయ్యాల. పట్టుకోడం ఎవులైనా పట్టుకోవొచ్చు. కింద ఎట్టకు. మాట ఆపకు. నువ్వు సెప్పు.”

నాకు తెలిసినవి చెప్పాను. “త్యాడ స్టేషను. పదకొండు నిమిషాలు ఆలస్యం. ఇప్పుడు సొరంగం. సొరంగం అయిపోయింది. కుడి వైపు లోయ. మళ్లీ సొరంగం.” ఎదుటి సీటులో వేరుశనగకాయలు ఒలుచుకుంటున్న మనిషి కొంతసేపు ఓర్చుకున్నాడు.

“ఎవులికండీ సెబుతున్నారు?”

“ఈళ్ల తాతగారికండీ,” అన్నాడు వర్తకుడు. “ఈ రైలెక్కడం ఆయనకిదే మొదలు.”

ఆ మనిషి రాయిని చూశాడు. కాసిన్ని కాయలు ఇవ్వబోయి, రాయికివ్వాలో నాకివ్వాలో తేల్చుకోలేక, వర్తకుడికి ఇచ్చాడు.

చిమిడిపల్లి దాటాక నాకు దగ్గు వచ్చింది. తగ్గాక, లోయ ఇప్పుడు ఎడమ వైపు ఉందని చెప్పాను.

“సొరంగం ఒకటి ఒగ్గీసినావు,” అంది అవ్వ. కళ్లు మూసుకునే ఉంది.

నేను రాయి వైపు తిరిగి, “క్షమించాలి. దీనికి ముందు ఒక సొరంగం దాటాం. చెప్పడం తప్పిపోయింది,” అన్నాను. అవ్వ తల ఊపింది. అరకు వచ్చేదాకా మరి దగ్గకుండా చూసుకున్నాను.

కొత్త పంటకు ఇంకా మూడు వారాలు ఉండడం వల్ల రాయిని అవ్వ ఇంట్లో ఉట్టి మీద పెట్టారు. ఆ మూడు వారాలూ నర్సు రోజు విడిచి రోజు ఊరికి వెళ్లి అవ్వను చూసి వచ్చింది. నన్ను చూసినప్పుడు, నేను అడగకముందే, “ఉంది సార్,” అని చెప్పేది.

పండగనాడు వర్తకుడు బోర్డు తెచ్చాడు. అందులో మీసం లేదు, కత్తి లేదు. రోడ్డు పక్క కూర్చున్న మనిషి, అంతే. తారీఖుకు వదిలిన చోటు ఖాళీగా ఉంది. బోర్డును రాళ్ల దగ్గర పాతుతానంటే అవ్వ ఒప్పుకోలేదు. “మేకలు ఈపు రాసుకుంటాయి. బడికాడ ఎట్టు, గుంటలు సదువుకుంటారు,” అంది.

పెద్దలు గొయ్యి తీశారు. రాయిని నిలబెట్టి మట్టి కూరేటప్పుడు ఎవరో ఒకరు నిటారుగా పట్టుకోవాలి. ఆ పని నాకు చెప్పారు. అవ్వ అడ్డాకులో కొత్త సామల అన్నం పెట్టి, తాత పేరు గట్టిగా పిలిచింది.

“ఆఁ,” అన్నాడు వెనుక నుంచి, అదే వారం పుట్టిన ఊరాయన ఒకడు. అప్పటికే కల్లు తాగి ఉన్నాడు.

“నిన్ను కాదురా, నోరు ముయ్యి!” అంది అవ్వ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మళ్లీ మొదటి నుంచి పిలిచింది. ఈసారి ఎవరూ పలకలేదు.

నా రెండు చేతులూ రాయి మీద ఉన్నందువల్ల గడియారం చూడడానికి వీలుపడలేదు. మధ్యాహ్నం దాటిందని మాత్రం చెప్పగలను. ఎండ మా వీపుల మీద ఉంది. అన్నం మీద ఈగలు వాలుతున్నాయి. అవ్వ ఆకు పక్కనే కూర్చొని, వాటిని చేత్తో తోలుతోంది.